మూగమందు

రొయ్యలు చచ్చిపోయే ముందు చెరువులో పురుగులు మాట్లాడుకుంటాయని నా మరదలు ప్రసూన మొదటిసారి చెప్పినప్పుడు, ఈ పిల్లకి చదువు ఎక్కువైందనుకున్నాను. మా ఇళ్ళల్లో చదువు ఎక్కువైందని అనుమానించాల్సి వచ్చిన మొదటి మనిషి కూడా తనే. ఏం మాట్లాడుకుంటాయమ్మా, నా మేత ఖర్చు గురించా, అని వేళాకోళం చేశాను.

ఆమె నవ్వలేదు. చొక్కా పట్టుకుని నన్ను తను పనిచేసే ల్యాబులోని చీకటి గదిలోకి లాక్కుపోయింది. బయట మిట్టమధ్యాహ్నం ఎండ. లోపల తలుపు వేస్తే నా చెయ్యి నాకే కనపడలేదు. బల్ల మీద రెండు సీసాలున్నాయట. నాకు ఒకటే కనిపించింది. అందులో నీళ్ళు నీలంగా, పచ్చగా, మిణుగురుల్ని నూరి కలిపినట్టు వెలుగుతున్నాయి. ఆ వెలుగు కంటికి ఆనని పురుగులదనీ, రెండో సీసాలో కూడా అదే పురుగు ఉందనీ, కాకపోతే కొద్దిగా ఉందనీ చెప్పింది.

"ఒక్కో పురుగూ ఒక వాసనలాంటిది వదుల్తుంది బావా. చుట్టూ ఆ వాసన బాగా ఉంటే, మనోళ్ళు చాలామందే ఉన్నార్రా అని తెలుస్తుంది. అందాకా ఏం చెయ్యవు. తెలిశాక అన్నీ ఒక్కసారే వెలుగుతాయి. ఒక్కసారే విషం కక్కుతాయి."

"పెళ్ళి బంతి లాగా అన్నమాట. పక్కోడు లేస్తే గాని ఎవడూ లేవడు."

ఆ పోలిక ఆమెకి నచ్చింది. మరి పక్కవాడు ఉన్నట్టే తెలియకుండా చేస్తే ఏమవుతుందని అడిగింది. "ఏవుంది, లేవరు. తింటానే కూర్చుంటారు," అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ మాట దగ్గర ఒక్క నిమిషం ఆగి ఉంటే బాగుండేదని ఇప్పుడనిపిస్తుంది.

నా పేరు గంగాధరం. కొత్తపర్రులో ఉప్పుటేరు గట్టునే నాలుగెకరాల చెరువు కౌలుకి చేస్తాను. నా భార్య నాగరత్నం రొయ్యల షెడ్డులో తలలు తీస్తుంది. వాళ్ళమ్మ పోయినప్పుడు ప్రసూన పలక పట్టుకునే పిల్ల. రత్నమే పెంచింది, షెడ్డు కూలితో చదివించింది. చదువు పూర్తయ్యాక ఆ పిల్ల ఏ పట్నానికో పోకుండా మా రొయ్య రైతుల సంఘం పెట్టిన ల్యాబులోనే చేరింది. సందె వేళ చెరువు నీలంగా మెరిస్తే తెల్లారేసరికి రొయ్యలన్నీ అడుగున పడి ఉండేవి. అలా మెరిసిన చెరువుల పక్కన తలలు పట్టుకు కూర్చున్న వాళ్ళని చూస్తూ పెరిగింది కాబట్టి, ఆమె పోరు ఆ మెరిసే పురుగులతోనే.

ఆమె చేసింది చెప్పడానికి చిన్న విషయమే. ఆ వాసనని తినేసే ఇంకో పురుగుని పుట్టించింది. దానికి అంకెలూ అక్షరాలూ కలిపి పెద్ద పేరేదో పెట్టింది. ఊళ్ళో అందరూ మూగమందు అన్నారు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు కదా, మొదట నా చెరువులోనే పోసింది. ఎండకి తొందరగా చచ్చిపోయే పురుగు కావడంతో వారం వారం కొత్తది పొయ్యాలి. పోశాం. ఆ పంటకారు నా చెరువు మెరవలేదు. మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రే ఎత్తితే రొయ్యలు చిటపటమని ఎగిరాయి. మరుసటి కారుకి ఉప్పుటేరు పొడుగునా ప్రతి చెరువులోనూ మూగమందే.

మా వైపు పట్టుబడి రోజున, అంటే పెరిగిన రొయ్యలు వలేసి పట్టే రోజున, ఒక ఆనవాయితీ ఉంది. చెరువు పట్టగానే మొదటి బుట్ట షెడ్డులో మంచి చెయ్యి ఉన్న మనిషి ముందు పెట్టాలి. ఆ మనిషి మొదటి తల తుంచితే తర్వాతి పంట కూడా కలిసొస్తుందని నమ్మకం. రత్నానిది మంచి చెయ్యి. ఎక్కడెక్కడి చెరువుల వాళ్ళూ బుట్ట తెచ్చి ఆమె ముందే దించేవాళ్ళు. ఇంటికొచ్చి ఆ సంగతి చెప్పుకుని మురిసిపోయేది. "నీ చెరువుకే కలిసిరాదు మావా, పెళ్ళాం చెయ్యి కదా, లోకువ," అనేది.

రొయ్య నెత్తిన ముల్లు ఉంటుంది. తల తుంచేటప్పుడు అది గుచ్చుకోని రోజు ఉండదు. షెడ్డులో గ్లౌజులు ఇస్తారు. కానీ పనంతా గోళ్ళతో చెయ్యాలి, గ్లౌజు వేసుకుంటే రొయ్య జారిపోతుంది. అందుకని ఆడవాళ్ళందరూ వేళ్ళ చివర్లు కత్తిరించేసి తొడుక్కుంటారు. గుచ్చుకుంటే పసుపు అద్దుకుంటారు. చీము పట్టిన వేలితో లోపలికి రానివ్వరు కనుక మేస్త్రీ కంట పడకుండా దాచుకుంటారు. ఇది అందరికీ తెలుసు, మేస్త్రీకి కూడా తెలుసు.

ప్రసూన ఇంకోటి కూడా తయారు చేసింది. దాన్ని చెవిపెట్టె అనేవాళ్ళం. చెరువు నీళ్ళో, నలిపిన రొయ్య కండో ఒక చుక్క అందులో వేస్తే, పురుగుల మాట ఉంటే పెట్టె వెలుగుతుంది. లేకపోతే చీకటి. టీ తాగేలోపు తేలిపోతుంది. అంతకు ముందు రొయ్య కండని గాజు పళ్ళెంలో జిగురు మీద రాసి, రెండు మూడు రోజులు వెచ్చగా ఉంచి, మొలిచిన చుక్కలు లెక్కపెట్టేవాళ్ళు. సంఘం ప్రెసిడెంటు సోమరాజు గారికి పెట్టె తెగ నచ్చింది. ఎగుమతి చేసేవాళ్ళకి ఇంకా నచ్చింది. ప్రసూన కొన్నాళ్ళు పళ్ళేలు కూడా పెట్టాలని గొణిగింది. పెట్టె ఎప్పుడు చూసినా చీకటిగానే ఉంటుంటే ఎవరు మాత్రం ఎన్నాళ్ళు గొణుగుతారు? పళ్ళేలు బీరువా మీదకి ఎక్కాయి.

షెడ్డులో మొదట పోయింది మరిడమ్మ. పొద్దున పనికొచ్చింది, మధ్యాహ్నానికి చలిజ్వరం, మర్నాటికి మోచెయ్యి దాకా నల్లటి బొబ్బలు. ఆస్పత్రి గుమ్మం ఎక్కకుండానే పోయింది. పాము ముట్టిందన్నారు. కాదు, ముందునుంచీ సుగరుందన్నారు. తర్వాత నెల తిరక్కుండా సూరాయమ్మ అనే ఇంకో మనిషి అలాగే పోయింది. ఈసారి పాము పేరు ఎవరూ ఎత్తలేదు. ఐసు ఫ్యాక్టరీ వాళ్ళు మా నీళ్ళు మంచివే అన్నారు, షెడ్డువాళ్ళు మా బల్లలు శుభ్రమే అన్నారు, రైతులు మా రొయ్యలు బంగారం అన్నారు. అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాత్రం మాయం.

ప్రసూన తన పెట్టె పట్టుకుని షెడ్డంతా తిరిగింది. ఐసు, నీళ్ళు, బల్లలు, బుట్టలో రొయ్యలు, అన్నీ చూసింది. అన్నీ చీకటే. మన దగ్గర ఏమీ లేదు బావా అని ఆ సాయంత్రం నాతో చెప్పినప్పుడు ఆమె గొంతులో ఎంత తేలిక వినిపించిందో నాకు బాగా గుర్తు. నాకూ ప్రాణం లేచొచ్చింది. ఇంకొన్నాళ్ళలో నా చెరువు పట్టుబడి.

ఆ తర్వాత ఒకరోజు రత్నం మధ్యాహ్నమే ఇంటికొచ్చేసింది. ఒళ్ళు కాస్త వెచ్చగా ఉందంది. చాట ముందేసుకుని బియ్యం ఏరుతూ, ఐసు గదిలో ట్రేలు పేరుస్తుంటే కరెంటు పోయిందనీ, ఎవరి చెయ్యి ఎవరికీ కనపడలేదనీ, తన వేలు మాత్రం తనకి కనపడిందనీ చెప్పింది.

"మంచి చెయ్యి కదే, ఆమాత్రం వెలగదా," అన్నాను.

"ఎకసెక్కాలు కాదు మావా. ఇలా రా."

మంచం మీది దుప్పటి తీసి తలమీంచి కప్పుకుంది. నన్నూ లోపలికి రమ్మంది. ఈ వయసులో పట్టపగలు పెళ్ళాంతో దుప్పట్లో దూరడమేమిటని నవ్వుతూనే దూరాను. లోపల ఉక్కగా, పసుపూ నీసూ కలిసిన వాసన. ఆమె ఉంగరం వేలు మా ఇద్దరి ముఖాల మధ్య నిలబెట్టింది. వేలి కొసన, పసుపు కింద, నీలి పచ్చ వెలుగు. ప్రసూన సీసాలో చూసిందే. ఆ వెలుగులో రత్నం కళ్ళు కనపడుతున్నాయి. చెప్పడానికి నోరు రావడం లేదు గాని, అది అందంగా ఉంది.

బండి మీద ల్యాబుకి తీసుకెళ్ళేసరికి రత్నం నా వీపు మీద వణుకుతోంది. ప్రసూన అక్కని చీకటి గదిలోకి నడిపించింది. దుప్పట్లో చూసినప్పుడు కొసన ఉన్న వెలుగు ఇప్పుడు రెండో కణుపు దాటింది. చర్మం కింద సన్నగా ఒక దారం అరచేతి వైపు దిగుతోంది. ప్రసూన ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. చీకట్లో ఆమె ఏడుస్తున్నట్టు ముక్కు ఎగబీల్చడం వల్లే తెలిసింది.

"చెరువులో మూగమందు ఉంది బావా. రొయ్య పొట్టలో ఉంది. అక్క నెత్తుట్లో లేదు," అంది. "ఒంటరిగా ఉన్నామనుకుని ఇన్నాళ్ళూ అవి తింటానే ఉన్నాయి, పెరుగుతానే ఉన్నాయి. నా పెట్టెకి మాట్లాడేవే వినపడతాయి. మాట్లాడని వాటిని లేవనుకున్నాను. ఇక్కడికొచ్చాక వాటికి ఒకదానికొకటి తెలిసిపోయింది."

"తెలిస్తే ఏమంటన్నాయే?" అని అడిగింది రత్నం. ఆమెకి అప్పటికే జ్వరం మత్తు.

పెద్దాసుపత్రిలో డాక్టరు చూసి, ఆలస్యం చేస్తే మనిషి దక్కదన్నాడు. మోచేతి దాకా తీసెయ్యాలన్నాడు. నేను కాగితం మీద సంతకం పెట్టాను. లోపలికి తోసుకుపోతుంటే రత్నం ఆయన కోటు అంచు పట్టుకుని, "అది మంచి చెయ్యండి డాక్టరు గారూ," అంది. బతిమాలినట్టు కాదు. ఆయనకి తెలియక తీసేస్తున్నాడేమో, చెబితే మంచిదన్నట్టు అంది. ఆ మాట నా చెవుల్లోంచి ఇప్పటికీ పోలేదు.

ప్రసూన బీరువా మీది పళ్ళేలు దించింది. ప్రతి చెరువు రొయ్యనీ నలిపి, జిగురు మీద రాసి పెట్టింది. మూత తీసి చూస్తే ఏ పళ్ళెంలోనూ లెక్కపెట్టడానికి చుక్కలు లేవు. చుక్కలన్నీ కలిసిపోయి అట్టు కట్టాయి. నా చెరువు పళ్ళెం కూడా అంతే.

సంఘం కూర్చుంది. నేను ఆస్పత్రి నుంచి అలాగే మాసిన చొక్కాతో వెళ్ళాను. ప్రసూన లేచి దాచకుండా చెప్పింది. మందు ఆపితే, ఇంత మూక ఒక్కసారి నోరు విప్పుతుంది, చెరువులన్నీ పోతాయి. ఆపకపోతే షెడ్డులో ఆడవాళ్ళు పోతారు. ఉడికిస్తే పురుగు చస్తుంది నిజమే, కానీ ఎక్కడో ఎవరో ఆడమనిషి తన వంటింట్లో నిలబడి ఈ రొయ్య వలుస్తుంది, ఆమెకీ ముల్లు గుచ్చుకుంటుంది. సోమరాజు గారు చెడ్డవాడు కాదు. కళ్ళజోడు తుడుచుకుంటూ, ఈ ఒక్క పట్టుబడీ కానిద్దామమ్మా, అందాకా షెడ్డులో రెండేసి గ్లౌజులు తొడిగిద్దాం, ఈ మాట ఇక్కడే ఉంచుదాం, పెదవి దాటితే పృథివి దాటుతుంది అన్నాడు. అందరూ తలలూపారు. నేను ఊపలేదు. అడ్డంగానూ ఊపలేదు.

మూగమందు పెరిగే తొట్లు ల్యాబులోనే ఉన్నాయి, వాటి తాళం ప్రసూన దగ్గరే ఉంది. ఎవర్నీ అడక్కుండా మందు ఆపెయ్యగలదు. అయినా ఆస్పత్రికి వచ్చి మంచం పక్కన నిలబడింది.

"నీ చెరువు కూడా పోద్ది బావా. నీ పట్టుబడి దగ్గరికొచ్చింది," అంది. అని నా ముఖంలోకి చూసింది.

నేను సెలైను బాటిల్ వంక చూస్తూ కూర్చున్నాను. రెండు పంటలుగా తేరుకున్న చెరువు అది. మంచం మీద దుప్పటి కుడివైపు సగంలోనే చదునైపోయి ఉంది. ఇంకొన్ని రోజులు ఆగితే ఏం మునిగిపోతుందని నా లోపల ఎవరో అడుగుతూనే ఉన్నారు. ఎవరో ఏమిటి, నేనే.

"మవునం అర్ధాంగీకారం అంటారు గదా," అంది రత్నం, కళ్ళు తెరవకుండానే. "ఈయన ఊరుకున్నాడని ఒప్పుకున్నాడనుకోకే. ఊరుకున్నోళ్ళని నమ్మే ఇంతదాకా తెచ్చుకున్నాం. నోటితో చెప్పించు."

ఆ గదిలో ఇంకెవరూ లేరు. మొగుడూ పెళ్ళాల మధ్య మాటే. కానీ జీవితంలో ఏ మాటా నాకంత బరువనిపించలేదు.

"ఆపెయ్యి," అన్నాను.

"కరిచే ముందు కుక్కలైనా మొరుగుతాయి గదా," అంది రత్నం తనలో తాను. "మొరగనిదాన్ని పెంచుకున్నాం."

ప్రసూన ఆ రోజే తొట్లలో బ్లీచింగు కుమ్మరించింది. ఎందుకు ఆపిందో షెడ్డు గుమ్మంలో నిలబడి ఆడవాళ్ళందరికీ తనే చెప్పింది. వారం దాటకుండా నా చెరువు మెరిసింది. పొద్దు గుంకి ఇంకా చీకటి పూర్తిగా పడలేదు, ఏరియేటర్లు చిమ్మే నీళ్ళు నీలంగా లేచి నీలంగా పడుతున్నాయి. గట్టు మీద నిలబడి చూస్తుంటే పక్క చెరువు మెరిసింది. తర్వాత దాని పక్కది. ఉప్పుటేరు వంపు దాకా ఒక్కొక్కటీ వెలుగుతూ పోయింది. ఇన్నాళ్ళూ మా కాళ్ళ కింద ఎంత ఉందో అప్పుడు కనపడింది. జనం గట్ల మీదకొచ్చి నిలబడ్డారు. ఒక ముసలామె మాత్రం మరిడమ్మ పేరు పెట్టి ఏడ్చింది.

మర్నాడు ల్యాబు అద్దాలు పగలగొట్టారు. ప్రసూనని అనరాని మాటలన్నారు. అన్నవాళ్ళలో నాతో కలిసి పెరిగినవాళ్ళున్నారు. వాళ్ళ మీద నాకు కోపం లేదు. నా చెరువు కూడా చచ్చింది కాబట్టి నన్ను మాత్రం ఏమీ అనలేదు.

అంతటితో అయిపోయిందని చెప్పగలిగితే బాగుండును. కానీ చెరువు నీళ్ళు ఏట్లోకి వదులుతాం, ఏటి నీళ్ళు చెరువుకి తోడతాం. మూగపురుగు ఏటి బురదలో ఎక్కడో నిలదొక్కుకుంది. ఎండ తగలని చోట అది చావదట. ఇప్పుడు ఏ చెరువైనా మెరవకపోతే, అందులో ఏమీ లేకనో, ఉన్నవాటికి మాట పడిపోయో చెప్పలేం. చెవిపెట్టెలు మూలన పడ్డాయి. పళ్ళెం చూశాకే ఏ రొయ్యైనా షెడ్డు గడప దాటాలి. అయినా ఆడవాళ్ళు ఆ ఒక్క పళ్ళేన్ని నమ్మరు. వాళ్ళే ఒక పద్ధతి పెట్టుకున్నారు.

పొద్దున్నే పని మొదలెట్టే ముందు అందరూ ఐసు గదిలోకి వెళ్ళి నిలబడతారు. రత్నం తలుపు మూసి లైటు తీసేస్తుంది. ఇప్పుడు షెడ్డులో ఆమె పని అదే. బుట్టలు ఆమె ముందు దించడం ఎప్పుడో మానేశారు. చీకట్లో అందరూ చేతులు ముందుకి చాపి, వేళ్ళు విడదీసి నిలబడతారు. ఒకసారి కొత్తగా వచ్చిన ఒక పిల్ల చిటికెనవేలు కొసన చుక్కంత వెలుగు కనపడింది. వెంటనే ఆస్పత్రికి పరిగెత్తారు. చెయ్యీ దక్కింది, మనిషీ దక్కింది.

ప్రసూన రోజూ వస్తుంది. వరస పొడుగునా వంగి వంగి ప్రతి చేతినీ చూస్తుంది. ఐసు దింపడానికి నేనూ అప్పుడప్పుడూ వెళ్తుంటాను, తలుపు పక్కన నిలబడతాను. వరస చివర రత్నం కూడా తన చేతులు చాపుతుంది.

"నాది కూడా చూడవే," అంటుంది. "ఆ ఉంగరం వేలు ఇంకా చురుక్కుమంటానే ఉంది. వెలుగుతుందేమో చూడు."

చీకట్లో ఆడవాళ్ళు కిసుక్కుమంటారు. రోజూ అనే మాటే, రోజూ నవ్వుతారు. ప్రసూన నవ్వదు. అక్క ఎడమచెయ్యి చూస్తుంది. తర్వాత కుడివైపు తిరిగి, మోచెయ్యి దగ్గర ఆగిపోకుండా, ఆ వేలు ఉండాల్సిన చోటు దాకా వంగి చూస్తుంది. అందరి చేతుల కంటే అక్కడే ఎక్కువసేపు చూస్తుంది.

"లేదక్కా," అంటుంది చివరికి. అప్పుడు రత్నం తలుపు తీస్తుంది.